అరమెట్టు కింద మోగిన గంట

ఆ సోమవారం కూడా ఆ ఇంట్లో పొద్దు మామూలుగానే మొదలైంది. లోయలోంచి మబ్బు ఇంకా పైకి లేవలేదు. రాత్రి కురిసిన మంచు రేకుల కప్పు మీంచి జారి నీళ్ల తొట్టిలో బొట్లుబొట్లుగా పడుతోంది. వంటింట్లో బియాక్‌వేలి ఆవాకు, పొగబెట్టిన పంది మాంసం కలిపి పొద్దుటి అన్నంలోకి ఉడికిస్తోంది. ముందు వసారాలో ఆమె కూతురు రోజామి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, తండ్రి నోరు తెరవడం కోసం ఎదురుచూస్తోంది.

థాంగ్‌ఖుమా కళ్లు మూసుకుని, బొటనవేలు రొమ్ము ఎముక మీద ఆనించుకుని, గొంతులోంచి ఒకే ఒక్క స్వరం తీశాడు.

"దో..."

మిజోరం కొండల్లో, ఐజాల్‌లోని ఆ పేటలో, పాటకి మొదటి మెట్టయిన ఆ స్వరానికి ఉన్న విలువ అంతా ఇంతా కాదు. ముప్పై ఏళ్లుగా చర్చిలో పాట మొదలవ్వాలంటే, చిన్నా పెద్దా 'పు ఖుమా' అని మర్యాదగా పిలుచుకునే ఈ మనిషి నోరు విప్పాలి. శ్రుతి కడ్డీతో పని లేదు, మూలనున్న హార్మోనియంతోనూ పని లేదు. ఆయన గొంతులోంచి వచ్చిన దోని పట్టుకునే నలభై మంది నాలుగు వరుసల్లో పాట అందుకుంటారు. పెళ్లికైనా అంతే, చావుకైనా అంతే. ఆయన దో తప్పిందని అన్న మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

రోజామి ఆ దో మీద నిలబడి పాడింది. కాగితం మీద దో, రే, మీలకి గుర్తుగా ద, ర, మ అని అక్షరాల్లో రాసిన స్వరాలని చూపుతో చదువుకుంటూ మెట్టు మెట్టుగా పైకి పోయింది. చిట్టచివరి పై స్వరం దగ్గర గొంతు జీరపోయి విరిగింది. రెండు నెలల కిందట ఆ స్వరం ఆమెకి మంచినీళ్ల ప్రాయం. ఈమధ్య రోజూ అక్కడికొచ్చేసరికి ఇదే వరస.

ఇంతలో చర్చి గంట మోగింది. ఖుమా మొహం ముడుచుకుంది. పంటి కింద రాయి పడ్డవాడిలా తల అటూ ఇటూ తిప్పి, "ఈ గంట దిగిపోయింది. అరమెట్టు కిందికి దిగిపోయింది. ఎవరికీ వినపడదేం?" అన్నాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

గంట ఆగగానే పేట మైకు గరగరలాడింది. పైవీధిలో ఎవరో ముసలాయన తెల్లవారుజామున పోయాడట, గొయ్యి తవ్వడానికి కుర్రకారు రావాలట. ఆ పేటలో అది కొత్త సంగతి కాదు, చావు కబురు మైకులోనే వస్తుంది. అయినా బియాక్‌వేలి గుమ్మంలోకి వచ్చి నిలబడి, మొగుడి కేసి ఎందుకో చాలాసేపు చూసింది. అన్నం చల్లారిపోతోందని ఆవిడే తర్వాత కసురుకుంది.

పరీక్షకి ఇంక ఎనిమిది రోజులుంది. కాలేజీ క్వయర్‌లో హెచ్చు గొంతుల వరుసలో ఈ ఏడు ఒక్కటే ఖాళీ. ఆ క్వయర్‌లో చేరిన పిల్ల గొంతుని కొండలవతల కూడా వింటారు, చదువయ్యాక పాట నేర్పే పంతులమ్మగా పిలిచి మరీ కూర్చోబెడతారు. రోజామికి ఊహ తెలిసినప్పటి నుంచీ అదొక్కటే కోరిక. అయితే ఆ కాలేజీలో ఒక చిత్రమైన కట్టుబాటు ఉంది. దో ఎవరూ ఇవ్వరు. పాడవలసిన పిల్ల తన గొంతులోంచే తీసుకోవాలి, పాటంతా అయ్యాక టీచరు పియానో మెట్టు ఒక్కటి నొక్కి చూస్తుంది. కలిసిందా సరే, కలవకపోతే ఎంత తియ్యగా పాడినా ఇంటికే. సగంమంది అక్కడే తిరుగుముఖం పడతారు.

"వాళ్లకి అది పరీక్ష. మనకి అది పొద్దుటి టీ లాంటిది" అనేవాడు ఖుమా. గొంతుకీ జ్ఞాపకం ఉంటుందని, రోజూ ఒకే పీట మీద కూర్చోబెడితే అదే వెళ్లి ఆ పీట మీద కూర్చుంటుందని ఆయన నమ్మకం. అందుకే రెండు నెలలుగా పొద్దునా సాయంత్రం తానే దో ఇచ్చి కూతురి గొంతుని కూర్చోబెడుతున్నాడు. మొదట్లో మాత్రం ఆయన ఒకమాట అన్నాడు. "నువ్వు పోతే మన చర్చిలో పై వరుస ఎవరు లాగుతారే?" అని. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట రోజామి మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఈ రెండు నెలల్లో ఆయన నవ్వడం కూడా తగ్గింది. హార్మోనియం దిగిపోయిందని చర్చి పెద్దలతో గొడవపడ్డాడు. పక్క పేట క్వయర్ వాళ్లంతా కిందుగా పాడుతున్నారని మొహం చిట్లించుకుని మధ్యలో లేచొచ్చాడు. ప్రతి శనివారం చెల్లెలు హ్మింగి ఇంటికి ఒక్కడే వెళ్లొస్తున్నాడు. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. ఎందుకని అడిగితే ఊరికే అంటాడు.

మంగళవారం ఎండ కాసింది. రోజామి బట్టలారేద్దామని పెరట్లోకి వెళితే, తీగ మీద నల్లచారల పువాన్ ఆరేసి ఉంది. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పెళ్లినాడు ప్రతి ఆడపిల్లా పుట్టింటి నుంచి తెచ్చుకునే బట్ట అది. మొగుడు పోయిన రోజున కప్పడానికి తప్ప ఇంకో వాడకం లేదు దానికి. పెట్టె అడుగున ఉండవలసిన ఆ బట్ట గాలికి ఊగుతోంది.

ఎందుకు తీశావని అడిగింది రోజామి.

"చెదలు పడతాయేమోనని" అంది బియాక్‌వేలి మొహం తిప్పుకుని.

"ఇరవై రెండేళ్లుగా పట్టని చెదలు ఇప్పుడు పట్టాయా అమ్మా?"

ఆవిడ బట్ట అంచుని లాగి లాగి సరిచేసింది. రోజామికి ఏదో అనుమానం తగిలింది గానీ, పరీక్ష బెంగలో అది కూడా కలిసిపోయింది.

బుధవారం కాలేజీలో పాట టీచరు అభ్యర్థులందరినీ ఒకసారి ఊరికే పాడించింది. రోజామి ధీమాగా నిలబడి, కళ్లు మూసుకుని, బొటనవేలు రొమ్ము మీద ఆనించి దో తీసుకుంది. పాట అయ్యాక టీచరు పియానో మెట్టు నొక్కింది. కలవలేదు. ఇంకో రెండుసార్లు పాడించి చూసింది, అయినా కలవలేదు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

టీచరు ఆమెని పక్కకి పిలిచి, అరమెట్టు పైన ఉన్నావమ్మా అని చెప్పింది. ఒక్కసారి కాదట, మూడుసార్లు పాడిస్తే మూడుసార్లూ అక్కడే ఉందట. అంటే తడబాటు కాదు, అలవాటు. ఆ ఎత్తులో పాడబట్టే పై స్వరం విరుగుతోందని, ఇలాగే సాగితే గొంతు పాడవుతుందని కూడా అంది. "నీకు దో ఎవరిస్తున్నారు?" అని అడిగింది చివర్లో. రోజామి నేల చూపులు చూసింది. ఆ ఊళ్లో ఆ ప్రశ్నకి జవాబు అందరికీ తెలుసు. టీచరు ఇంకేమీ అడగకుండా, సరైన దో పలికే శ్రుతి కడ్డీ ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

దారి పొడుగునా ఆమె ఒకటే లెక్క వేసుకుంది. నాన్న దో తప్పడం జరగని పని. నాన్నకి తెలియకుండా తప్పడం అసలు జరగని పని. అయితే ఇంక మిగిలింది ఏమిటి? పై వరుస ఎవరు లాగుతారే అన్న మాట మళ్లీ చెవిలో మోగింది. ఇంటికి చేరేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది.

ఆ ఊరి అలవాటు ప్రకారం సాయంత్రం ఐదింటికే ముగ్గురూ అన్నాలకి కూర్చున్నారు.

"నాన్నా, నువ్విచ్చే దో తప్పు" అంది రోజామి పళ్లెం ముట్టుకోకుండానే. "అరమెట్టు పైన ఉంది. పియానోతో చూశారు."

"పియానో దిగుంటుంది."

"హార్మోనియం దిగిందన్నావు. గంట దిగిందన్నావు. ఇవాళ పియానో. ఊరంతా దిగిపోయి, నువ్వొక్కడివే పైనున్నావా?"

పెద్దంతరం చిన్నంతరం లేకుండా ఏం మాటలవి అని బియాక్‌వేలి గదిమింది. రోజామి ఆగలేదు. రెండు నెలలుగా గొంతులో కుక్కుకున్నదంతా బయటికొచ్చింది.

"నేను పోతే చర్చిలో పై వరుస ఎవరు లాగుతారని మొదటి రోజే అడిగావు. మర్చిపోయాననుకున్నావా? నన్ను కదలనివ్వకూడదని నా గొంతుని నువ్వే తప్పు పీట మీద కూర్చోబెట్టావు. కావాలనే చేశావు కదూ?"

ఖుమా చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగిపోయింది. ఆయన కోపం తెచ్చుకుంటాడని, పళ్లెం తోసేసి లేస్తాడని తల్లీకూతుళ్లిద్దరూ అనుకున్నారు. ఆయన లేవలేదు. పెదవులు కొద్దిగా విప్పి, తనలో తను ఏదో స్వరం చూసుకుంటున్నట్టు ఒక క్షణం ఉండి, మళ్లీ మూసేశాడు. మొహంలో రక్తం లేదు.

"అవును. కావాలనే చేశాను" అన్నాడు.

రోజామి లేచి వెళ్లి తలుపు వేసుకుంది. తండ్రి కాదంటాడని, తిడతాడని, కనీసం ఒక్క చెంపదెబ్బ అయినా వేస్తాడని ఆమె లోలోపల ఆశపడింది. ఒప్పుకుంటాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

గురు, శుక్రవారాల్లో వసారాలో దో వినిపించలేదు. ఖుమా పొద్దున్నే ఎక్కడికో పోతున్నాడు, అన్నాల వేళకి వచ్చి మాట్లాడకుండా తిని పడుకుంటున్నాడు. రోజామి శ్రుతి కడ్డీ మోకాలి మీద కొట్టుకుని దో పట్టుకోవాలని చూసింది. కడ్డీ మోగినంతసేపు గొంతు దాని వెంట ఉంటోంది. ఆగిన మరుక్షణం జారుకుని తండ్రి కూర్చోబెట్టిన పీట మీదికే పోతోంది. ఆ గొంతు నాన్న మాటే వింటుంది గానీ తన మాట వినదని ఆమె కుమిలి కుమిలి ఏడ్చింది.

శనివారం ఆమెకి గంట సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చోబెట్టుకుని నేర్పిన మొదటి పాఠం అదే. "మన దోకి ఆ గంట సో అవుతుంది, పైకి ఐదో మెట్టు. ప్రపంచంలో ఎక్కడ తప్పిపోయినా ఆ గంట గుర్తుంచుకుంటే దోకి దారి దొరుకుతుంది" అనేవాడు. నిజంగానే గంట దిగిందేమో చూద్దామని కడ్డీ పట్టుకుని చర్చికి బయల్దేరింది.

గంట కొట్టే ముసలాయన పు ఛుంగా మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆమెని చూసి నవ్వాడు.

"మీ నాన్న పంపాడా? ఆయనకి ఈ గంట మీద పెద్ద అనుమానం పట్టుకుంది. ఈ నెలలో ఇప్పటికి నాలుగుసార్లు ఎక్కాడు. నిన్నయితే అద్దం తెచ్చుకుని లోపల పగులుందేమోనని అరగంట వెతికాడు. పగులు లేదయ్యా అంటే, ఆ గంటని కావలించుకుని అలాగే కూర్చుండిపోయాడు."

"నిన్ననా?" అంది రోజామి.

నిన్నే అన్నాడు ముసలాయన. తప్పు శ్రుతి కావాలని ఇచ్చిన మనిషికి, తన పన్నాగం బయటపడ్డాక కూడా, గంటలో పగులుతో ఏం పని? నిచ్చెనెక్కి అద్దం పట్టుకుని ఎవరిని మోసం చేస్తాడు, గంటనా?

ఆమె కడ్డీ మోగించి దో తీసుకుంది. పు ఛుంగాని బతిమాలి గంట ఒక్కసారి మెల్లగా కొట్టించింది. సో. వెంట్రుకవాసి తేడా లేదు. పుట్టినప్పటి నుంచి ఎక్కడుందో అక్కడే ఉంది. దిగింది గంట కాదు.

నాన్న ప్రతి శనివారం నర్సయిన అత్త ఇంటికి ఎందుకు వెళ్తున్నాడో రోజామికి అప్పుడు అనుమానం వచ్చింది. ముసలాయన వెనక నుంచి ఏదో అంటున్నా వినకుండా, హ్మింగి అత్త ఉండే నర్సుల ఇళ్ల వైపు పరుగెత్తింది.

హ్మింగి తలుపు తీసి మేనకోడలి మొహం చూసింది. "అన్న చెప్పాడా?" అంది. ఏం చెప్పాలని రోజామి అడిగేసరికి ఆవిడ నోరు చేత్తో మూసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసే ఆ ఎత్తు మెట్లు దిగి ఇంటికొచ్చారు. ఖుమా వసారాలో కూర్చుని ఉన్నాడు. అన్న వద్దంటున్నా వినకుండా హ్మింగి వదిననీ పిలిచి కూర్చోబెట్టి సంగతంతా చెప్పేసింది.

వానాకాలంలో ఖుమాకి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండుసార్లూ పని దగ్గరే. తలలో చిన్న గడ్డ ఉందన్నారు. వెల్లూరు వెళ్లి కోయించుకోవాలన్నారు. ఈలోగా మళ్లీ ఫిట్స్ రాకుండా మాత్రలిచ్చారు. రోజామి దారిలో గంట సంగతి చెప్పాకే హ్మింగికి గుర్తొచ్చింది, ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో ఏ కొద్దిమందికో చెవిలో స్వరం అరమెట్టు కిందికి దిగి వినిపిస్తుందట. మామూలు మనిషికి అది తెలియను కూడా తెలియదు. ఖుమాకి మాత్రం లోకమంతా దిగిపోయింది. తన గొంతు కూడా తనకి దిగినట్టే వినపడేసరికి, తెలియకుండానే దాన్ని అరమెట్టు పైకి ఎత్తుకున్నాడు.

"ఆపరేషన్‌కి ఒక తేదీ ఇస్తే పోనిచ్చాడు" అంది హ్మింగి కళ్లు తుడుచుకుంటూ. "పిల్ల పరీక్ష అయ్యేదాకా కదలనన్నాడు. కాళ్లావేళ్లా పడి ఇంకో తేదీ వేయించాను. మంగళవారం మధ్యాహ్నం బస్సెక్కాల్సిందే. డాక్టరు ఇప్పటికే ఆలస్యమైందంటున్నాడు. మాట పోతుందో, వినికిడి పోతుందో, ఏమీ పోదో, తెరిచి చూస్తే గానీ చెప్పలేమన్నారు."

రోజామి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది. "మరి కావాలనే చేశానని ఎందుకన్నావు?" అని మాత్రం అడగగలిగింది.

"నువ్వు అడిగినప్పుడే నాకు తెలిసిందే" అన్నాడు ఖుమా. "అప్పటిదాకా లోకమే తప్పిందనుకున్నా. నువ్వొక్కడివే పైనున్నావా అన్నావు చూడు, అప్పుడు తెలిసింది. చెబితే ఏడుస్తావు. కోపంగా ఉన్న గొంతు పాడుతుంది, ఏడ్చే గొంతు పాడదు. పరీక్ష అయ్యేదాకా నన్ను తిట్టుకుంటే సరిపోతుందిలే అనుకున్నా. అయినా గంటలో పగులుంటే బాగుండని నిన్న చివరిసారి వెళ్లి చూశా."

"రెండు నెలలు నీ గొంతు పాడుచేశానే తల్లీ" అన్నాడు మళ్లీ, ఈసారి గొంతు పూర్తిగా విరిగిపోయింది. ముప్పై ఏళ్లలో ఆయన గొంతు అలా విరగడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

అప్పటిదాకా రాయిలా కూర్చున్న బియాక్‌వేలి ఒక్కసారిగా భోరుమంది. తన అమ్మమ్మ ఊళ్లో ఒక మాట ఉండేదట. గంట ఎవరి చెవికి దిగి వినిపిస్తే వాళ్లని చావు పిలుస్తున్నట్టట. మొగుడు గంట దిగిందన్న రోజు నుంచీ ఆవిడకి నిద్ర లేదు. పైకి చెబితే నిజమైపోతుందేమోనని, చెప్పకుండా ఉండలేక, పెట్టెలోంచి ఆ బట్ట తీసి ఎండకి వేసింది. ఒకే కప్పు కింద ముగ్గురు మనుషులు, ఎవరి భయం వాళ్లు నోట్లో పెట్టుకుని రెండు నెలలు అన్నాలు తిన్నారు.

"నన్ను కప్పేయడానికి అంత తొందరా నీకు?" అన్నాడు ఖుమా కళ్లు తుడుచుకుంటూ.

"కీడెంచి మేలెంచమన్నారు" అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. లేచి వెళ్లి ఆ పువాన్‌ని నాలుగు మడతలు పెట్టి పెట్టె అడుక్కి తోసి, పైన దుప్పట్లన్నీ పేర్చింది.

ఆదివారం చర్చిలో ఖుమా గొంతు బాగాలేదని చెప్పి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఎవరో హార్మోనియం మీద దో ఇచ్చారు. నలభై మందీ ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఆయన తల వంచుకున్నాడు.

ఆ రెండు రోజులూ గంట మోగిన ప్రతిసారీ రోజామి వసారాలోకి పరుగెత్తింది. గంట సోని అందుకుని, అక్కడి నుంచి మెట్లు దిగి దో మీదికి వచ్చేది. కడ్డీ వెంట నిలవని గొంతు గంట వెంట నిలిచింది. అదీ నాన్న నేర్పిన దారేగా. ఖుమా పక్కనే పీట మీద కూర్చునేవాడు. ఆయన చెవికి ఆమె ప్రతిసారీ తప్పే. తప్పుని విన్నప్పుడల్లా ఆయన దవడ బిగుసుకునేది, పీట అంచుని రెండు చేతులా పట్టుకునేవాడు గానీ నోరు మాత్రం విప్పలేదు. సోమవారం సాయంత్రం పై స్వరం రెండు నెలల తర్వాత విరగకుండా నిలిచింది. ఆ క్షణంలోనే ఆయన కుడి చేయి ఒకసారి గట్టిగా అదిరింది. ఆయన దాన్ని ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నాడు. రోజామి చూసింది. చూడనట్టు ఇంకోసారి పాడింది.

మంగళవారం కాలేజీ వరండాలో బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. పక్కన ప్రయాణం సంచులు, నీళ్ల డబ్బా, దారికని ఆకుల్లో కట్టిన అన్నం పొట్లాలు. బస్సుకి ఇంకా రెండు గంటలుంది. లోపలి నుంచి పేరు పిలిచారు. రోజామి లేచి, అలవాటుకొద్దీ తండ్రి కేసి తిరిగింది. "దో ఇవ్వు నాన్నా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చూపుడువేలు తన పెదవుల మీద పెట్టుకుని, తర్వాత ఆ వేలితోనే ఆమె రొమ్ము ఎముకని తాకాడు.

లోపల ఆమె కళ్లు మూసుకుంది. నాన్న భుజాల మీద కూర్చుని విన్న గంట ఎక్కడో లోపల మోగింది. దాని మీంచి దిగింది. దో తీసుకుని పాడింది. ఎవరి కోసం పాడుతోందో ఆమెకి తెలుసు, అందుకే తలుపు వైపు తిరిగి పాడింది. పాటయ్యాక టీచరు పియానో మెట్టు నొక్కింది. మళ్లీ నొక్కవలసిన పని లేకపోయింది. టీచరు ఆమె పేరు పక్కన టిక్కు పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

రోజామి బయటికొచ్చింది. ఖుమా నిలబడి ఉన్నాడు. బియాక్‌వేలి ఆయన చేయి పట్టుకుని ఉంది.

"ఎలా ఉంది నాన్నా?"

"అరమెట్టు కిందికి వినిపించింది" అన్నాడు ఆయన.

బియాక్‌వేలి మొహం పాలిపోయింది. పోయిందా, అంది.

ఖుమా తల అడ్డంగా ఊపాడు. రెండు చెంపల మీదా నీళ్లు ధారగా కారుతున్నాయి.

"లేదు. అంటే సరిగ్గా ఎక్కడుండాలో అక్కడే ఉంది" అన్నాడు. తర్వాత వంగి తన సంచి తను అందుకోబోతే, రోజామి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని భుజాన వేసుకుంది. ముగ్గురూ బస్సు వైపు మెట్లు దిగడం మొదలుపెట్టారు. సగం దూరం దిగాక ఆయన ఆగాడు.

"ఏదీ, దో ఇవ్వు" అన్నాడు. జన్మలో ఎవరి దగ్గరా దో తీసుకోని మనిషి అడిగాడు.

ఆమె ఇచ్చింది. చెవి ఎంత మొరాయించినా పక్కకి నెట్టి, ఆయన మెల్లగా కూతురి స్వరం మీద తన గొంతు ఆనించాడు.